గ్రీకు విముక్తి సంస్థల్లో ముందు దేన్ని చదవాలి?

సెమినార్ పేపర్‌కో పీజీ ప్రాజెక్టుకో "గ్రీకు జాతీయోద్యమం" అని టాపిక్ ఇచ్చేసి, నెల తిరక్కుండానే తల పట్టుకునే పిల్లల్ని ఏటా చూస్తుంటాను. ఒట్టోమన్ (టర్కీ) పాలన మీద గ్రీకులు తిరగబడ్డ 1821తో మొదలుపెడతారు. మధ్యలో క్రీట్ వస్తుంది, మాసిడోనియా వస్తుంది, చివరికి 1955లో సైప్రస్ దగ్గర తేలతారు. నూట నలభై ఏళ్ల కథ ఇది. ప్రతి సంస్థలోనూ ప్రమాణాలు, మారుపేర్లు, గడ్డాల బిషప్పులు ఉంటారు కాబట్టి అన్నీ ఒకేలా కనబడి కలగాపులగం అయిపోతాయి. ఒకదాన్ని పట్టుకుని లోతుగా వెళ్తేనే మిగతావి అర్థమవుతాయి. ఆ ఒకటి ఏదో తేల్చుకోవడానికే నాలుగు సంస్థల ఈ పోలిక.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

మొదటిది, వాళ్లు అడిగింది విముక్తా, విలీనమా? గ్రీకులో ఈ రెండింటికీ వేర్వేరు మాటలున్నాయి. ఎలెఫ్థెరియా అంటే స్వేచ్ఛ. ఎనోసిస్ అంటే గ్రీసు రాజ్యంలో కలిసిపోవడం. తెలంగాణ వాళ్లకు ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. 1948 సెప్టెంబర్ 17ను విమోచనం అనాలా, విలీనం అనాలా అన్న వాదన వింటూనే పెరిగాం. రెండు మాటలనూ ఒకే అర్థంలో వాడేసిన పేపర్ మొదటి పేజీలోనే పక్కదారి పడుతుంది.

రెండోది, వెనక ఎవరున్నారు? 1814లో గ్రీసు అనే రాజ్యమే లేదు. 1894 నాటికి ఉంది, దానికి సైన్యం ఉంది, అప్పులూ ఉన్నాయి. రాజ్యం లేనివాళ్లు చేసే రహస్య పని వేరు. రాజ్యంలో జీతం తీసుకుంటూ ఆ రాజ్యానికే తెలియకుండా చేసేది వేరు.

మూడోది, నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైనది: అదే ఊళ్లో, అదే వీధిలో ఉంటూ ఈ కలలో చోటు లేనివాళ్లను ఏం చేశారు? ముస్లింలు, యూదులు, రొమేనియన్లు, బల్గేరియన్ చర్చికి వెళ్లేవాళ్లు, టర్కిష్ సైప్రియట్లు, అంతెందుకు, తుపాకీ వద్దన్న గ్రీకులే. ఎన్ని సంస్థల గురించి చదివినా, వాటి అసలు స్వభావం ఇక్కడే బయటపడుతుందని నాకనిపిస్తుంది.

నాలుగోది మన అవసరం: గ్రీకు రాకుండా ఎంత చదవగలం?

| | ఫిలికీ ఎటేరియా | ఎథ్నికీ ఎటేరియా | మాసిడోనియా కమిటీ | ఎయోకా |
|---|---|---|---|---|
| మొదలు | 1814, ఒడెస్సా | 1894, ఏథెన్స్ | 1904, ఏథెన్స్ | 1955, సైప్రస్ |
| ముందు నిలిచింది | వర్తకులు | యువ సైనికాధికారులు | పత్రికాధిపతి, కాన్సుల్స్, బిషప్పులు | రిటైరైన కల్నల్, ఆర్చిబిషప్, స్కూలు పిల్లలు |
| ఎదురుగా ఉన్నది | ఒట్టోమన్ సామ్రాజ్యం | ఒట్టోమన్ సామ్రాజ్యం | ముఖ్యంగా బల్గేరియన్ పక్షం | బ్రిటన్ |
| కోరింది | విముక్తి | విలీనం | విలీనానికి దారి | విలీనం |
| తేలింది | 1830లో చిన్న స్వతంత్ర రాజ్యం | 1897లో ఓటమి | 1912–13 యుద్ధాలతో విలీనం | 1960లో స్వాతంత్ర్యం, విలీనం లేదు |
| ఇంగ్లీషులో సామగ్రి | బాగా ఉంది | తక్కువ | ఉంది, ఒకవైపే మొగ్గుతుంది | చాలా ఎక్కువ |

క్రీట్‌ను పట్టికలో పెట్టలేదు. అక్కడిది ఒక సంస్థ కాదు, తరాల తరబడి సాగిన తిరుగుబాట్ల వరుస. 1866 నవంబరులో అర్కాది మఠంలో చిక్కుకున్నవాళ్లు లొంగకుండా మందుగుండు గది పేల్చేసుకున్నారు. లోపల ఆడవాళ్లు, పిల్లలే ఎక్కువ. "విలీనం లేదా మరణం" అన్న నినాదం ఆ ద్వీపంలో ఊరికే పుట్టలేదు. 1905లో థెరిసో తిరుగుబాటు నడిపిన వెనిజెలోస్ తర్వాత గ్రీసు ప్రధాని అయ్యాడు, 1913లో క్రీట్ గ్రీసులో కలిసింది. వేరే ప్రాజెక్టుకు సరిపడే విషయం అది.

ఫిలికీ ఎటేరియా: లేని పెద్దమనిషి పేరుతో నడిచిన సంఘం

పేరుకు అర్థం మిత్ర సమాజం. నల్ల సముద్రం ఒడ్డున ధాన్యం వ్యాపారంతో ఎదుగుతున్న రష్యన్ రేవు పట్టణం ఒడెస్సాలో ముగ్గురు కలిసి పెట్టారు: నికోలావోస్ స్కూఫాస్, ఎమ్మనుయిల్ క్సాంథోస్, అథనాసియోస్ త్సకాలోఫ్. ముగ్గురిలో పెద్ద పేరున్నవాడు, సైన్యం ఉన్నవాడు ఒక్కడూ లేడు. స్కూఫాస్ టోపీలు కుట్టి బతికినవాడు. గ్రీకులో స్కూఫోస్ అంటే టోపీయే.

ఇలాంటి ముగ్గురు ఒక సామ్రాజ్యాన్ని కదిలిస్తామంటే నమ్మేదెవరు? అందుకని "అదృశ్య అధికారం" అన్నదాన్ని సృష్టించారు. పైన ఎవరో చాలా పెద్దవాళ్లున్నారు, పేరు అడగకూడదు, అంతే. రష్యా జార్ చక్రవర్తే కావచ్చని, ఆయన విదేశాంగ మంత్రిగా ఉన్న గ్రీకువాడు కపోదిస్త్రియాస్ కావచ్చని వినేవాళ్లు తమకు తామే ఊహించుకున్నారు. నిజానికి నాయకత్వం తీసుకోమని వెళ్లి అడిగితే కపోదిస్త్రియాస్ ఒప్పుకోలేదు.

చేర్చుకునే పద్ధతి చూడండి. ఫ్రీమేసన్లనే రహస్య సోదర సంఘం తరహాలో మెట్లు పెట్టారు. అన్నింటికంటే కింద చదువురాని వాళ్లకోసం "సోదరులు", పైన "సిఫారసు పొందినవారు", ఆపైన "పూజారులు", "కాపరులు". కొత్తవాళ్లను చేర్చే పని పూజారుల మెట్టుది. రాత్రిపూట, ఒక గదిలో, పవిత్ర ప్రతిమ ముందు మోకరిల్లి, వెలిగించిన చిన్న కొవ్వొత్తి సాక్షిగా ప్రమాణం. చేరినవాడు చందా కట్టాలి. తన పై మనిషి తప్ప ఇంకెవరూ అతనికి తెలియదు. ప్రమాణం తప్పితే ఏమవుతుందో కూడా త్వరలోనే తెలిసింది. డబ్బు కోసం బెదిరించడం మొదలుపెట్టిన గలాతిస్ అనే సభ్యుణ్ని 1819లో సొంతవాళ్లే చంపించారు.

1820లో అలెగ్జాండ్రోస్ ఇప్సిలాంతిస్ పగ్గాలు తీసుకున్నాడు. జార్ సైన్యంలో అధికారి, నెపోలియన్ మీద యుద్ధంలో కుడిచేయి పోగొట్టుకున్నవాడు. 1821 మార్చిలో ప్రుత్ నది దాటి, ఇప్పటి రొమేనియాలో ఉన్న యాష్‌కి వెళ్లి, ఒక మహాశక్తి మన వెనక ఉందని ప్రకటించాడు. ఆ మహాశక్తి అయిన జార్ నాకు సంబంధం లేదన్నాడు. స్థానిక రైతుల నాయకుడు తుదోర్ వ్లాదిమిరెస్కుతో పొత్తు చెడింది, ఎటేరియా వాళ్లే అతన్ని చంపేశారు. జూన్‌లో ద్రగత్సాని దగ్గర "పవిత్ర దళం" తుడిచిపెట్టుకుపోయింది. అందులో ఎక్కువమంది విద్యార్థులు. ఇప్సిలాంతిస్ ఆస్ట్రియా జైలు పాలయ్యాడు.

అయినా దక్షిణాన పెలొపొన్నీస్ లేచింది. అక్కడ పాపాఫ్లెసాస్ అనే మతగురువు రష్యా వచ్చేస్తోందని ఊరూరా చెప్పాడు. వోస్తిత్సా సమావేశంలో స్థానిక పెద్దలు రుజువేది అని నిలదీశారు. రుజువు లేదు, కానీ మాట అప్పటికే పాకిపోయింది. సంస్థ వేసిన పథకం ఓడిపోయింది, సంస్థ నింపిన నమ్మకం గెలిచింది. ఈ వైరుధ్యం కోసమైనా దీన్ని చదవాలంటాను.

పైన చెప్పిన మూడో ప్రశ్న దగ్గర మాత్రం గుండె చిక్కబట్టుకుని చదవాలి. 1821 అక్టోబరులో పెలొపొన్నీస్‌లోని త్రిపోలిత్సా పట్టణం గ్రీకులకు పట్టుబడినప్పుడు వేలాది ముస్లింలను, యూదులను చంపారు. అంతకుముందే ఈస్టర్ పండుగ నాడు కాన్‌స్టాంటినోపుల్‌లో ఒట్టోమన్లు ఆర్థడాక్స్ చర్చి అధిపతి (పాట్రియార్క్) ఐదో గ్రిగోరియోస్‌ను ఉరితీశారు. మరుసటి ఏడు కియోస్ ద్వీపంలో గ్రీకుల ఊచకోత జరిగింది. యూరప్ చిత్రకారులు కియోస్‌ను గీశారు గానీ త్రిపోలిత్సాను అంతగా పట్టించుకోలేదు. మీ పేపర్ రెండూ రాయాలి.

చివరికి దక్కిన రాజ్యం నవారినో నౌకాయుద్ధంలో బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా గెలిపించినది. ఆ దేశాలే బవేరియా నుంచి 17 ఏళ్ల ఓథోను రాజుగా తెచ్చిపెట్టాయి. అప్పటికి రాజ్యం లోపలున్న గ్రీకుల కంటే బయటున్నవాళ్లే ఎక్కువ. ఆ బయటివాళ్లందరినీ కలుపుకోవాలనే "మెగాలి ఇడియా", అంటే మహా ఆశయం, తర్వాతి సంస్థలన్నింటికీ మూలం.

ఎథ్నికీ ఎటేరియా: తొందరపాటుకు పాఠం

జాతీయ సమాజం అని అర్థం. 1894లో ఏథెన్స్‌లో యువ సైనికాధికారులు రహస్యంగా పెట్టుకున్నారు, ఆ తర్వాత ప్రొఫెసర్లు, వ్యాపారులు చేరారు. మాసిడోనియాకు సాయుధ ముఠాలను పంపారు, క్రీట్ తిరుగుబాటుకు వత్తాసు పలికారు, పత్రికల్లో, వీధుల్లో వేడి పెంచి ప్రభుత్వం వెనక్కి తగ్గలేని స్థితి తెచ్చారు. 1897 ఏప్రిల్‌లో యుద్ధం వచ్చింది. నెల రోజుల్లో గ్రీకు సైన్యం ఉత్తరాన ఉన్న థెస్సలీ ప్రాంతం అంతా వదిలి పారిపోయింది. పెద్ద దేశాలు అడ్డుపడి భూమిని దాదాపు అంతా తిరిగి ఇప్పించాయి గానీ, 40 లక్షల టర్కిష్ పౌండ్ల పరిహారం కట్టాల్సి వచ్చింది. దేశం ఖజానా మీద విదేశీ కమిషన్ కూర్చుంది.

దీని మీద ఇంగ్లీషులో దొరికేది తక్కువే. ఒక్కదాన్నే ప్రాజెక్టుగా తీసుకుంటే నెల తర్వాత టెన్షన్ పడతారు. ఫిలికీ ఎటేరియా పక్కన పెట్టి పోల్చడానికైతే ఇంతకంటే మంచిది లేదు: అదే రకం పేరు, అదే రహస్యం, కానీ ఈసారి నష్టపోవడానికి ఒక రాజ్యం ఉంది.

మాసిడోనియా కమిటీ: ఇంటింటికీ చీలిన పోరు

1904లో ఎంబ్రోస్ పత్రిక అధిపతి దిమిత్రియోస్ కలపొథాకిస్ ముందుండి ఏర్పాటుచేశాడు. పాలన ఒట్టోమన్లదే, కానీ అసలు పోటీ బల్గేరియన్ పక్షంతో. ఒక ఊరివాళ్లు గ్రీకు పాట్రియార్క్ కింద ఉన్న చర్చికి వెళ్తారా, బల్గేరియన్ చర్చి అధిపతి (ఎక్సార్క్) కింద ఉన్నదానికి వెళ్తారా అన్నదాన్ని బట్టి వాళ్ల జాతి తేల్చేవారు. చాలా ఇళ్లలో మాట్లాడేది స్లావ్ భాష, మొక్కేది గ్రీకు చర్చిలో. బడి మాస్టరు, పూజారి, కాన్సుల్ కూడా ఈ పోరులో సైనికులే. కస్తోరియా బిషప్ జెర్మనోస్ కరవాంగెలిస్, థెస్సలోనికి కాన్సుల్ లాంబ్రోస్ కొరొమిలాస్ పేర్లు ప్రతి పుస్తకంలోనూ కనిపిస్తాయి.

పావ్లోస్ మెలాస్ అనే సైనికాధికారి మరణం ఈ పోరాటానికి ముఖచిత్రం అయింది. పెద్దింటివాడు, మికిస్ జెజాస్ అన్న మారుపేరుతో కొండల్లోకి వెళ్లాడు. 1904 అక్టోబరులో స్తతిస్తా అనే ఊళ్లో ఒట్టోమన్ సైనికులు చుట్టుముట్టినప్పుడు తూటా తగిలి చనిపోయాడు. శవాన్ని గుర్తుపడితే గ్రీసు అధికారి అని బయటపడుతుంది. అందుకని అనుచరుల్లో ఒకడు తిరిగి వచ్చి తల కోసి తీసుకెళ్లాడు. తల పిసొదేరి ఊరి చర్చిలో, మొండెం కస్తోరియాలో ఖననం చేశారు. ఏథెన్స్‌లో ఈ వార్త విన్నాక చేరడానికి వచ్చినవాళ్లకు లెక్కలేదు. మరుసటి ఏడాదే బల్గేరియన్ పక్షాన ఉన్న జాగొరిచాని ఊరి మీద గ్రీకు ముఠాలు పడి ఊరివాళ్లను చంపాయి. మెలాస్ కథ చెప్పి జాగొరిచాని వదిలేసే రచనలు, జాగొరిచాని చెప్పి బల్గేరియన్ ముఠాల హత్యలు వదిలేసే రచనలు రెండూ బోలెడు దొరుకుతాయి. రెండు వైపులా చదివే ఓపిక లేకపోతే ఈ విషయం జోలికి పోవద్దు.

ఎయోకా: చిన్న ద్వీపం, పొడుగాటి నీడ

సైప్రస్ పోరాటయోధుల జాతీయ సంస్థ. ద్వీపంలో దాదాపు 80 శాతం గ్రీకులు, 18 శాతం టర్కులు. 1878 నుంచి పాలన బ్రిటిష్ వాళ్లది. 1950 జనవరిలో చర్చి ఒక ప్రజాభిప్రాయ సేకరణ జరిపితే 95 శాతానికి పైగా విలీనమే కావాలన్నారు. ఈ అంకె ప్రతి పేపర్‌లోనూ ఉంటుంది. కానీ అవి చర్చిల్లో బాహాటంగా పెట్టిన సంతకాలు, రహస్య బ్యాలెట్ కాదు, టర్కులు అందులో లేరు. అంకె పక్కన ఈ మాట కూడా రాయండి. 1954లో బ్రిటిష్ మంత్రి హాప్కిన్సన్ కొన్ని వలసలకు పూర్తి స్వాతంత్ర్యం "ఎన్నటికీ" రాదన్న అర్థం వచ్చేలా పార్లమెంటులో మాట్లాడాడు. 1955 ఏప్రిల్ 1న బాంబులు పేలాయి.

ఆయుధం నడిపినవాడు గెయోర్గియోస్ గ్రివాస్, మారుపేరు దిగెనిస్. రాజకీయం నడిపినవాడు ఆర్చిబిషప్ మూడో మకారియోస్. 1956లో మకారియోస్‌ను సీషెల్స్ దీవులకు పంపేశారు, దానితో గ్రివాస్‌కు పగ్గాల్లేవు.

ఇవగోరాస్ పల్లికారిదిస్ గురించి చదివితే ఈ పోరాటం ఎవరి భుజాల మీద నడిచిందో తెలుస్తుంది. పాఫోస్ హైస్కూల్ కుర్రాడు. 1953లో బ్రిటిష్ రాణి పట్టాభిషేకం వేడుకల్లో జెండా పీకేశాడు, అప్పటికి 15 ఏళ్లు. తర్వాత బడి మానేసి కొండల్లోకి వెళ్తూ తోటి పిల్లలకు ఒక కవిత రాసిపెట్టాడు. 1956 డిసెంబరులో గాడిద మీద తుపాకీ, తిండి సామాను తరలిస్తూ దొరికాడు. ఆయుధం ఉండటమే ఉరిశిక్షకు సరిపోయే నేరం. 1957 మార్చిలో నికోసియా జైల్లో ఉరితీశారు, వయసు 19. జైలు ఆవరణలోనే పూడ్చారు. ఆ నెలలోనే మఖైరాస్ మఠం దగ్గర బొరియలో చిక్కుకున్న గ్రిగోరిస్ అఫ్క్సెంతియు లొంగకపోతే సైనికులు పెట్రోల్ పోసి కాల్చారు.

ఇది చదివి కన్నీళ్లు పెట్టుకోని విద్యార్థిని నేను చూడలేదు. ఆ కన్నీళ్లతోనే తర్వాతి పేజీ కూడా తిప్పాలి. ఎయోకా చంపినవాళ్లలో బ్రిటిష్ వాళ్లే కాదు, ద్రోహులన్న ముద్రపడ్డ గ్రీకు సైప్రియట్లూ, వామపక్షం వాళ్లూ చాలామంది ఉన్నారు. టర్కిష్ సైప్రియట్లను బ్రిటిష్ వాళ్లు పోలీసుల్లో చేర్చుకోవడంతో కానిస్టేబుల్‌ను కాల్చిన ప్రతిసారీ అది రెండు జాతుల మధ్య కాల్పుగా మారింది. అవతల టీఎంటీ అనే టర్కిష్ సంస్థ లేచి, విలీనం వద్దు, విభజన కావాలంది.

1959 ఒప్పందాలతో 1960 ఆగస్టు 16న స్వాతంత్ర్యం వచ్చింది. రాజ్యాంగం 185వ అధికరణ విలీనాన్నీ విభజననూ రెండింటినీ నిషేధించింది. గ్రివాస్ దాన్ని మనసులో ఒప్పుకోలేదు. 1971లో ఎయోకా-బి పెట్టాడు, ఈసారి గురి అప్పటికి దేశాధ్యక్షుడైన మకారియోస్ మీదే. గ్రివాస్ 1974 జనవరిలో పోయాడు. జులై 15న ఏథెన్స్ సైనిక పాలకుల అండతో తిరుగుబాటు జరిగింది, అయిదు రోజులకు టర్కీ సైన్యం దిగింది. ద్వీపంలో మూడో వంతుకు పైగా భాగం ఇప్పటికీ వేరుగానే ఉంది.

ఎవరికి ఏది

సివిల్స్‌కి హిస్టరీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లకు ఫిలికీ ఎటేరియా. జాతీయతలు తలెత్తి సామ్రాజ్యాలు కూలడం అన్న సిలబస్ అంశానికి నేరుగా పనికొస్తుంది. కాకపోతే చాలామంది రాసేదే రాస్తారు కాబట్టి, 1897 ఓటమిని ఒక పేరాలో పోలిస్తే మీ జవాబు వేరుగా నిలబడుతుంది.

పీజీ ప్రాజెక్టుకు నా ఓటు ఎయోకాకే. బ్రిటిష్ కాలనీ కాగితాలు, పార్లమెంటు చర్చలు, ఐక్యరాజ్యసమితి తీర్మానాలు, గ్రివాస్ జ్ఞాపకాలు అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. చిక్కల్లా ఒక్కటే: ఇది చల్లారని విషయం. పోయినవాళ్ల తోబుట్టువులు, పిల్లలు రెండు వైపులా ఇంకా ఉన్నారు. ఒక్క విశేషణం తప్పుగా పడినా ఎవరికో గుచ్చుకుంటుంది. "టెర్రరిస్టులు", "వీరులు" అన్న మాటలు మీవిగా కాక, ఎవరన్నారో చెప్పి వాడండి.

సరిహద్దు, భాష, మతం కలిసి మనిషికి జాతి ముద్ర ఎలా వేస్తాయన్నది మీ ఆసక్తి అయితే మాసిడోనియా. ఏడాది టైము ఉంటేనే. థెస్సలోనికి వెళ్లే అవకాశం దొరికితే పాత గ్రీకు కాన్సులేట్ భవనంలోనే ఆ పోరాటం మ్యూజియం ఉంది.

పరీక్షలూ ప్రాజెక్టులూ లేకుండా ఊరికే చదవాలనుకునేవాళ్లు రెండు చివరలూ పట్టుకోండి: ఒడెస్సా వర్తకులు, ఆ తర్వాత పాఫోస్ కుర్రాడు. మధ్యలో టర్కీ చేతిలో గ్రీకు సైన్యం ఓడిపోయిన 1922 ఆసియా మైనర్ విపత్తు గురించి ఒక అధ్యాయం చదివితే దారి అందుతుంది. గ్రివాస్ యువకుడిగా పోరాడింది ఆ యుద్ధంలోనే.

ఏది తీసుకున్నా తేదీల దగ్గర జాగ్రత్త. గ్రీసు 1923 దాకా పాత క్యాలెండర్ వాడింది. 19వ శతాబ్దంలో 12 రోజులు, 20వ శతాబ్దంలో 13 రోజులు తేడా వస్తుంది. మార్చి 25 అని గ్రీసులో పండుగ చేసుకునే రోజు 1821లో మనం వాడే లెక్కలో ఏప్రిల్ 6. నోట్సు మొదటి పేజీలోనే ఏ క్యాలెండరో రాసిపెట్టుకోండి.

ఎయోకా ఎంచుకున్న మన విద్యార్థులకు ఇంకో దారి ఉంది. 1957లో సైప్రస్ విషయం ఐక్యరాజ్యసమితికి వచ్చినప్పుడు మన తరఫున మాట్లాడింది వి.కె. కృష్ణ మేనన్. విలీనం కాదు, విభజన కాదు, స్వాతంత్ర్యం అన్నది ఆయన వాదన. 1964లో అక్కడికి శాంతి దళం వెళ్లాక దాని కమాండర్లలో ఒకరు మన మాజీ సైన్యాధిపతి జనరల్ తిమ్మయ్య. 1965 డిసెంబరులో ఆ ఉద్యోగంలో ఉండగానే సైప్రస్‌లో కన్నుమూశారు. సైప్రస్ ఆయన పేర స్టాంపు వేసింది, లార్నకాలో ఒక రోడ్డుకు ఆయన పేరుంది. గ్రీకు, టర్కిష్, బ్రిటిష్ కళ్లతో కాక మన కళ్లతో చూసిన కాగితాలు కావాలంటే మేనన్ ప్రసంగాలతో మొదలుపెట్టి తిమ్మయ్య కాలం నాటి శాంతి దళం నివేదికల దాకా రండి.